బయటూరివాళ్ల కుర్చీ

నేను ఒక కుర్చీని. గువ్వల కొట్టాల అనే ఊళ్లో ఉన్న ఒకే ఒక కుర్చీని. ఊరివాళ్లు నన్ను కడుగుతారు, తుడుస్తారు, వాన మొదలైతే ముందు నన్ను లోపల పెట్టి ఆ తరువాత పిల్లల్ని పిలుస్తారు. నా మీద కూర్చోవడం మాత్రం చేయరు. నేను బయటూరివాళ్ల కోసం ఉన్నదాన్ని.

బయటూరివాళ్లు మా ఊరికి రారు. అది వేరే సంగతి.

మా ఊరికి దారి చెప్పడం కొంచెం కష్టం. తారురోడ్డు మీద సున్నం కొట్టిన రాయి దగ్గర బస్సు దిగాలి. వేరుశనగ చేల గట్ల మీద నడిచి, నీళ్లు లేని వంక దాటాలి. ఇక ఇటువైపు ఊరేదీ ఉండదులే అనిపించి మనిషి వెనక్కి తిరిగే చోటు ఒకటి వస్తుంది. మా ఊరు అక్కడి నుంచి కూతవేటు దూరం. వచ్చేవాళ్లలో చాలామంది ఆ చోటు నుంచే తిరిగిపోతారు. ఇళ్లు తక్కువ, ఉన్నవాటిలో తాళాలు వేసినవి ఎక్కువ. గొర్రెలను కూడా కలుపుకుంటే మాది పెద్ద ఊరే.

నా పుట్టుకకు కారణం మిరపకారం.

లింగప్ప ఊరికి పెద్దగా ఉన్న రోజుల్లో జీపులో ఒక సారు వచ్చాడట. ఊరి బావి ఎండిపోయింది, బోరు వేయడానికి చోటు చూడాలని వచ్చాడు. కూర్చోమనడానికి ఏమీ లేక ఊరివాళ్లు ఆయనకు లింగప్ప ఇంటి ముందున్న రోలు చూపించారు. ఆ పొద్దున ఆ రోట్లోనే ఎండుమిరపకాయలు దంచారు. ఆ సంగతి సారుకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. సారు కూర్చున్నాడు. కాసేపటికి లేచాడు. తిరుగు ప్రయాణం అంతా జీపులో నిలబడే చేశాడని చెప్పుకుంటారు. పోతూ పోతూ ఒక మాట అన్నాడు, కుర్చీ కూడా లేని ఊరికి బోరెందుకని.

బోరు రాలేదు. కారం వల్ల రాలేదని ఎవరైనా అనుకుంటారు. మా ఊరు అలా అనుకోలేదు. కుర్చీ లేకనే రాలేదని తీర్మానించుకుంది.

వెంటనే పక్క ఊరి నుంచి వడ్ల బ్రహ్మయ్యను పిలిపించారు. బ్రహ్మయ్య బండ్లు చేసే మనిషి. ఆయన చేసిన చక్రం తాత నుంచి మనవడిదాకా తిరుగుతుందని పేరు. కుర్చీని మాత్రం ఆయన ఎప్పుడూ చేయలేదు, దగ్గరగా చూడనూ లేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేక, పెద్దమనుషులు కూర్చునేదే కదా అంటూ పని మొదలుపెట్టాడు. విరిగిన బండి నొగలో మిగిలిన తుమ్మకొయ్యతో నాకు కాళ్లు చెక్కాడు. బండి తోలేవాడి కాళ్లు నేలకు తగలవు, మరి పెద్దమనిషి కాళ్లు ఎందుకు తగలాలి అని నన్ను ఎత్తుగా నిలబెట్టాడు. ఎద్దులు కట్టని బండి ముందుకు వాలి ఉంటుంది. ఆయన కంటికి ఆ వాలే అలవాటు. అందుకని నేను కూడా కొంచెం ముందుకే వాలాను. చివర్లో కీళ్లకు కందెన పూశాడు. కుర్చీకి కందెన ఎందుకని లింగప్ప అడిగితే, కందెన లేకుండా ఏ వస్తువూ తన చెయ్యి దాటదన్నాడు. ఊరంతా చుట్టూ తిరిగి చూసి, బాగుందని తలలూపింది.

అప్పుడు మొదట ఎవరు కూర్చోవాలనే మాట వచ్చింది. అందరూ లింగప్ప వైపు చూశారు. లింగప్ప నా చేతి మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు.

“మనం కుచ్చుంటే ఇది మన కుర్చీ అయితాది. మనది కాకూడదు. వచ్చినోళ్లదే అయ్యుండాల.”

ఆ మాట అందరికీ నచ్చింది. వచ్చేవాళ్లు ఎప్పుడొస్తారని ఎవరూ అడగలేదు.

అమావాస్యకు అమావాస్యకు నేను ఇల్లు మారేదాన్ని. నేను ఏ ఇంట్లో ఉంటే వచ్చిన మనిషికి ఆ ఇంట్లో నీళ్లు, బెల్లం, రాగి ముద్ద. నన్ను తల మీద బోర్లించుకుని మోసేవాళ్లు కాబట్టి, ఊరంతటినీ తలకిందులుగా చూసినదాన్ని నేనొక్కదాన్నే. అలా చూస్తే మా ఊరు బాగానే ఉంటుంది.

ఎప్పుడో ఒకసారి ఒక మనిషి వచ్చేవాడు. కరెంటు స్తంభాలకు చోటు చూసే మనిషి, రోడ్డు కొలిచే మనిషి, జనాభా రాసుకునే మనిషి, దారి తప్పిన మనిషి. ముందు ఇంటావిడ కాళ్లకు నీళ్లిచ్చి, ఏ ఊరని అడగాలి. వచ్చినవాళ్లు తమ ఊరు చెప్పాలి. అప్పుడు నన్ను చూపిస్తారు. ఆయన నా మీదకు ఎక్కుతాడు, కాళ్లు గాలిలో వేలాడతాయి. కాసేపటికి ముందుకు జారతాడు. వెనక్కి సర్దుకుంటాడు. మళ్లీ జారతాడు. ఇంకోసారి సర్దుకుని, ఊరి ముఖాలన్నీ తననే చూస్తుంటే సిగ్గుపడి, పనుందని లేచి వెళ్లిపోతాడు. నేను వేరే కుర్చీలను చూసినదాన్ని కాదు. మనుషులు జారడానికే కుర్చీ ఎక్కుతారని అనుకున్నాను. ఊరివాళ్లేమో పెద్దమనుషులకు పనులెక్కువ పాపం అనుకున్నారు.

ఎవరూ రాని నెలల్లో కట్టుబాటు మరీ గట్టిపడింది. ఒకసారి ఒక కోడిపెట్ట నా మీదెక్కి గుడ్లు పెట్టింది. దాన్ని దించాలా వద్దా అని పెద్ద వాదం జరిగింది. చివరికి అది సంతలో కొన్న పెట్ట అనీ, పుట్టుక బయటూరిదనీ తేలింది. దాన్ని పొదిగేదాకా కదిలించలేదు. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు మాత్రం మా ఊళ్లో పుట్టినవి. వాటిని తరిమేశారు.

కోడి తరువాత నా మీద ఎక్కువగా కూర్చున్నది కొత్తకోడళ్లు. వేరే ఊరి నుంచి వచ్చిన పెళ్లికూతురు గడప తొక్కిన రోజున ఇంకా బయటూరి మనిషే కాబట్టి ఆ ఒక్కరోజు ఆమెకు కుర్చీ ఇచ్చేవాళ్లు. తల వంచుకుని కూర్చునేది, తల వంచుకునే జారేది. మరుసటి రోజు నుంచి జీవితమంతా నేల మీదే.

ఇప్పుడు హనుమక్క గురించి చెప్పాలి.

హనుమక్క లింగప్ప కూతురు. నన్ను చేసిన రోజున బ్రహ్మయ్యకు నీళ్లు తెచ్చిచ్చిన పిల్ల. ఆమెను ఎదురింటి మేనబావకు ఇచ్చారు. పుట్టిల్లు ఇటు, మెట్టినిల్లు అటు, మధ్యలో వీధి. పెళ్లి ఊరేగింపు మొదలైనట్టే మొదలై అయిపోయింది. మేళగాళ్లకు అది చాలక ఇంటి చుట్టూ ఒకసారి తిరిగారు. ఎదురింటి అరుగు మీద నన్ను కడిగి, పసుపు రాసి సిద్ధంగా పెట్టారు. హనుమక్క నా ముందుకు వచ్చింది. చీర సర్దుకుంది. కూర్చోవడానికి మోకాళ్లు వంచింది.

“ఆగు,” అన్నాడు లింగప్ప. “వీధి దాటితే బయటూరు కాదు.”

ఆయన చెప్పింది న్యాయమే. అందరికీ తెలుసు. సగం వంగిన మోకాళ్లతో ఆ పిల్ల మళ్లీ నిటారుగా నిలబడింది. ఆ తరువాత నన్ను అందరికంటే ఎక్కువగా కాపాడింది ఆమే. నా మీద పిల్లలు చెయ్యి వేసినా ఊరుకునేది కాదు. ప్రతి అమావాస్యకు నన్ను తుడిచేది ఆమే. తుడిచేటప్పుడు చెయ్యి మాత్రం నా మీద కొంచెం ఎక్కువసేపే నిలిచేది.

మిగిలిన కథ ఏ ఊరిలోనైనా ఒకటే. బావిలో నీళ్లు లేవు, బోరు రాలేదు, మందలు మేపడానికి పోయిన మనుషులు పోయినచోటే ఉండిపోయారు. కొన్ని ఇళ్లవాళ్లు బెంగళూరులో ఇటుకలు మోయడానికి వెళ్లి, ఆ ఇటుకలతో లేచిన ఇళ్ల పక్కనే గుడారాలు వేసుకున్నారు. ఇళ్లు తగ్గేకొద్దీ నా వంతు తొందరగా తిరిగింది. చివరికి నేను ఎక్కువగా సుంకమ్మ ఇంటి అరుగు మీదే ఉండేదాన్ని. సుంకమ్మ హనుమక్క తమ్ముడి భార్య, లింగప్ప ఇల్లే ఇప్పుడు ఆమెది. ఆమె కొడుకు ఈరన్న ఇప్పుడు ఊరికి పెద్ద. అడిగేవాళ్లు లేరు కాబట్టి అతని పెద్దరికానికి అడ్డు లేదు.

హనుమక్క భర్త మంద వెంట వెళ్లి ఎండదెబ్బకు పోయాడు. పిల్లలు లేరు. మోకాళ్లు మొరాయించాయి. నేల మీద కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పగలంతా గోడకు ఆనుకుని నిలబడే ఉండేది. నా పక్కనే. ఒకరోజు నన్ను తుడుస్తూ ఆగింది.

“సుంకీ, నేను సచ్చేలోగా ఒక్కసారి దీంట్లో కుచ్చోవల్ల.”

“కుచ్చో వదినా,” అంది సుంకమ్మ. “ఎవురు సూస్తాండారు?”

“నేను సూస్తాండా కదా.”

ఈ మాట ఈరన్న దాకా పోయింది. అత్త కూర్చుంటే ఎవరూ ఏమీ అనరని అతను చెప్పాడు. హనుమక్క ఒప్పుకోలేదు. తన తండ్రి పెట్టిన కట్టుబాటును తన మోకాళ్ల కోసం మార్చడం ఏమిటని అడిగింది. తాను పుట్టింది ఈ వీధిలో, ఇచ్చింది ఈ వీధిలో, పుట్టినప్పటి నుంచి ఎవరింటికీ చుట్టంగా పోలేదు, ఎవరూ తనను ఏ ఊరని అడగలేదు, ఆ ఒక్క తప్పుకు ఊరేం చేస్తుందని తనను తానే తిట్టుకుంది.

అప్పుడు ఊరంతా కలిసి ఆమెను బయటూరి మనిషిని చేయాలని నిశ్చయించింది.

అది అనుకున్నంత సులువు కాలేదు. పొలిమేర రాయి దాటి వస్తే చాలని ఒకరన్నారు. గొర్రెలు రోజూ దాటుతున్నాయి, అవి బయటివి అయిపోయాయా అని ఇంకొకరన్నారు. వేరే ఊరి అన్నం తినాలని ఒకరు, అన్నం కాదు నీళ్లు తాగాలని ఒకరు. ఒక ఊరి నీళ్లు తాగితే ఆ ఊరి మాట నోటికొస్తుందని సుంకమ్మ అనడంతో నీళ్ల దగ్గర ఆగారు. ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. హనుమక్కకు బయట తనవాళ్లనుకునే చుట్టాలు ఒక్కరు కూడా లేరు.

అయినా ఒక పొద్దున ఆమె మంచి చీర కట్టుకుని, కర్ర పట్టుకుని, వంక దాటి సున్నం కొట్టిన రాయి దగ్గరికి పోయింది. అక్కడేం జరిగిందో ఆమె తరువాత ఎన్నోసార్లు చెప్పింది కాబట్టి నాకు బాగా తెలుసు. బస్సెక్కితే కండక్టరు ఎక్కడికని అడిగాడు.

“యాడికైనా సరే నాయనా. పొద్దు మునిగేలోగా మళ్లీ ఈడనే దింపితే సాలు.”

“మరి పోయేదెందుకవ్వా?”

“రావడానికి.”

కండక్టరు చాలాసేపు ఆమె ముఖం చూసి, చివరి స్టాపు దాకా టికెట్టు కొట్టాడట. అక్కడ ఒక హోటలు ముందు నిలబడి ఆమె గ్లాసుడు నీళ్లు తాగింది. చప్పగా ఉన్నాయి. అదే బస్సులో తిరిగి వచ్చింది.

ఇక్కడ ఊళ్లో పొద్దున్నుంచీ హడావిడి. అరుగు అలికారు, నన్ను కడిగారు, బెల్లం ముక్కలు కొట్టారు. ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తే బయటూరి మనిషికి జరిగే మర్యాద కాదని ఈరన్న అందరినీ ఇళ్లల్లోకి తోలాడు. తలుపు సందుల్లో కళ్లు, గోడల మీద కళ్లు. హనుమక్క ఆ కళ్ల మధ్య నుంచి, ఎవరికీ తెలియని మనిషిలా, మెల్లగా నడిచి వచ్చి సుంకమ్మ ఇంటి ముందు నిలబడింది. నడక మోకాళ్లకు పడలేదు. చెమటలు కారుతున్నాయి.

సుంకమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లకిచ్చింది. తరువాత అడగవలసిన మాట అడిగింది.

“యా ఊరమ్మా మీది?”

ఇక్కడే అంతా ఆగిపోయింది. ఏదో ఒక ఊరి పేరు చెప్పమని ఆమెకు ముందే నేర్పించి పంపారు. బస్సు పోయిన ఊరి పేరు చెప్పినా సరిపోయేది. హనుమక్క నోరు తెరిచింది. అబద్ధం బయటికి రాలేదు.

“గువ్వల కొట్టాల,” అంది.

తలుపుల వెనక ఎవరో తల కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఈరన్న బయటికి వచ్చేశాడు. హనుమక్క నన్ను ఒకసారి చూసి, కర్ర తిప్పుకుంది. వెనక్కి పోవాలన్నా పోయే ఊరు లేదు, ఉన్న ఊరు ఇదే కాబట్టి ఎటు తిరగాలో తెలియక అక్కడే నిలబడింది.

సుంకమ్మ చెంబు కింద పెట్టింది.

“ఆ ఊరు పేరు విన్నట్టుండాది,” అంది మెల్లగా. “ఎట్లుంటాదమ్మా మీ ఊరు?”

హనుమక్క మరదలి ముఖంలోకి చూసింది. సుంకమ్మ నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది.

“మాది శానా పెద్దూరమ్మా,” అంది హనుమక్క. “వీధి పొడుగూ కంబళి మగ్గాలే. ఈ కొసన కట్టిన నూలు ఆ కొస దాకా ఉంటాది. ఒగింట్లో నుంచి ఇంగో ఇంటికి పోవాలంటే నూలు కింద వంగి పోవాల. నేను పెండ్లికూతురు అయిన దినం గూడా అట్లనే వంగి పోతి. నూలుకు పట్టించే చింతగింజల గంజి వాసన లేకుంటే మా ఊర్లో ఎవురికీ నిద్ర పట్టదు. తెల్లార్తో మందలు లేస్తే ఆ దుమ్ముకు ఎదురిల్లు కనపడదు, గంటలు మాత్రం వినపడ్తాయి. గంటను బట్టి ఎవురి మంద యాడ పోతాందో పడుకునే చెప్పొచ్చు. ఒగింట్లో పొయ్యి ఆరితే పక్కింట్లో నుంచి నిప్పు తెచ్చుకుంటాం. ఎవురైనా అగ్గిపెట్టె కొన్నారంటే పక్కింటోళ్లతో కొట్లాడినారని లెక్క.”

ఆమె ఆగింది. చెబుతున్నంతసేపూ వీధి వైపే చూస్తూ చెప్పింది. ఆ వీధిలో ఇప్పుడు ఒక్క మగ్గం లేదు. తాళాలు వేసిన తలుపులున్నాయి. ఒక మేకపిల్ల ఏదో కాగితం నములుతోంది. ఇళ్లల్లో దాక్కున్నవాళ్లంతా ఎప్పుడు బయటికి వచ్చారో వచ్చి నిలబడ్డారు.

“అట్లాంటి ఊరు ఈ సుట్టుపక్కల యాడా లేదు,” అన్నాడు ఈరన్న.

“అయితే శానా దూరమే,” అంది సుంకమ్మ. ఆ పొద్దుటిదాకా ఆ ఊరు దాటని తన వదినకు, నన్ను చూపించింది. “కూచోండమ్మా. అంత దూరం నుంచి వచ్చినారు.”

హనుమక్క నా ముందు నిలబడి చీర సర్దుకుంది. మోకాళ్లు వంచింది. సగం వంగాక ఆగి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. కూర్చుంది.

ఊరు ఊపిరి పీల్చుకుంది. నేను కూడా. ఎవరో బెల్లం ముక్క తెచ్చారు. ఆమె దాన్ని నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. తరువాత కళ్లు తెరిచింది. వెనక్కి సర్దుకుంది. మళ్లీ సర్దుకుంది.

“ఏందే ఇది? జారతాండా.”

నా మీద కూర్చున్న మనిషి అలాంటి మాట అనడం అదే మొదటిసారి. వచ్చినవాళ్లు మర్యాదకు చెప్పరు. ఊరివాళ్లు కూర్చోరు కాబట్టి వాళ్లకు తెలియదు. చెప్పాలంటే బయటూరి మనిషీ ఊరి మనిషీ రెండూ అయినవాళ్లు ఒకరు కావాలి. అలాంటి మనిషి తయారవడానికి ఇంతకాలం పట్టింది.

“ఇన్నాళ్లూ వచ్చినోళ్లంతా పనుండి పోలేదే,” అంది హనుమక్క నా చేతులు గట్టిగా పట్టుకుని. “జారి పోయినారు.”

సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనూ జారినా వదినా, పెండ్లి దినం. నాకే కుచ్చోను రాదేమో అనుకుంటి. ఎవురికీ చెప్పలా.” ఆ మాటతో పక్కన నిలబడ్డ కోడళ్లు ఒక్కొక్కరే తామూ జారామన్నారు. ఒకావిడ తన పెళ్లిచీర జరీదే తప్పనుకుని ఆ చీర మళ్లీ కట్టలేదట. ఇన్నేళ్లు ఒకే వీధిలో ఉండి, ఒకే సిగ్గును ఎవరికి వాళ్లు దాచుకున్నారు. నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు, కాసేపు ఎవరి వల్లా ఆగలేదు.

ఈరన్న మాత్రం నవ్వలేదు. కరెంటు మనిషి, రోడ్డు మనిషి, అందరూ ఒక్కొక్కరే అతనికి గుర్తొస్తున్నారు.

“బడి పెడ్తానని ఒగ సారు వచ్చినాడు కదా అత్తా, నా సిన్నప్పుడు. ఆయప్ప గూడా జారే పోయినాడా?”

నేను చెప్పగలిగి ఉంటే అవునని చెప్పేదాన్ని. ఆయన నాలుగుసార్లు సర్దుకున్నాడు, మంచి మనిషి.

వచ్చిన మనిషి కోరితే కాదనకూడదు కాబట్టి, హనుమక్క కోరిక మేరకు అప్పటికప్పుడే రంపం తెచ్చి నా కాళ్లు కోశారు. కోసింది ఈరన్న. ముందుకు వాలకూడదని వెనక కాళ్లు కొంచెం ఎక్కువ కోశాడు. కోపంలో ఉన్నాడు కాబట్టి ఆ కొంచెం ఇంకొంచెం అయింది. ఇప్పుడు నేను వెనక్కి వాలి ఉన్నాను. కోసిన ముక్కలు మేకపిల్లలను కట్టే గూటాలయ్యాయి. నా మీద కూర్చున్నవాళ్లు ఎవరూ జారరు. కానీ ఇద్దరు వచ్చి చేతులు పట్టి లాగితే తప్ప లేవలేరు.

హనుమక్కకు అది నచ్చింది. వచ్చిన మనిషిని పొమ్మనడం మా ఊరి మర్యాద కాదు, ఆమె పోతాననీ అనలేదు. రోజూ పొద్దున తన ఇంటి నుంచి వీధి దాటి వచ్చి నా మీద కూర్చుంటుంది. సుంకమ్మ నీళ్లు తెచ్చి, యా ఊరమ్మా మీది అని అడుగుతుంది. ఆమె చెబుతుంది. రోజుకొక కొత్త సంగతి గుర్తొస్తుంది. పిల్లలు గొర్రెల్ని వదిలేసి వచ్చి వింటారు. ఆ ఊరు చూడాలని ఉందంటారు.

మొన్న గొర్రెలకు సూదులు వేసే సారు వచ్చాడు. ఎలా వచ్చాడో తెలియదు, వెనక్కి తిరిగే చోటు దాటి వచ్చాడు. హనుమక్క నా మీదే ఉంది. ఈరన్న కంగారుపడి అత్త వైపు చూశాడు. ఒక కుర్చీ, ఇద్దరు బయటూరివాళ్లు. ఇలాంటి పరిస్థితికి లింగప్ప ఏమీ చెప్పి పోలేదు.

“నేను లేవలేను సారూ,” అంది హనుమక్క. “నేను గూడా శానా దూరం నుంచి వచ్చినదాన్నే. రోలు మీద కుచ్చో. కడిగినాము.”

కడగకపోయినా పరవాలేదు. ఇప్పుడు మా ఊళ్లో కారం ఎవరూ దంచరు, మిల్లు పొడే. సారు సంచీ పక్కన పెట్టి రోలు మీద కూర్చున్నాడు. గొర్రెలన్నిటికీ సూదులు వేశాడు. మజ్జిగ తాగాడు. ఏ ఊరమ్మా మీది అని తనంతట తానే హనుమక్కను అడిగాడు. ఆమె మగ్గాల దగ్గర మొదలుపెట్టి గంటల దగ్గరికి వచ్చేసరికి ఆయన బస్సు వెళ్లిపోయింది. ఇంకో బస్సు ఉందిలే అన్నాడు.

నేను ఆయన్నే చూస్తూ ఉన్నాను, ఎప్పుడు సర్దుకుంటాడా అని. ఆయన సర్దుకోలేదు. రోలు రాయి కదా, జారదు. నాకంటే ముందు నుంచి అది అక్కడే ఉంది.